అడిగి ఊరుకోవడం

లేని మనిషితో గంటన్నర మాట్లాడినట్టు రాసి దొరికిపోయినదాన్ని నేను. ఇప్పుడు ఆసుపత్రిలో నా బల్ల మీద 'సోషల్ వర్కర్' అని రాసిన చెక్కముక్క ఉంటుంది. జనం అమ్మా అంటూ వచ్చి ఎదురుగా కూర్చుంటారు. వాళ్ళకి ఈ సంగతి చెప్పాల్సిన పని లేదు. కానీ 2017 ఎండాకాలం మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలంటే ఆ దొంగపని దగ్గరే మొదలుపెట్టాలి, తప్పదు.

సముద్రంలో వేట నిషేధం మొదలైన మర్నాడు, ఆదివారం. దూరవిద్యలో ఎం.ఎస్.డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ, చదివేవాళ్ళకి శ్రీకాకుళంలో ఆదివారాలు క్లాసులు. మా ఫీల్డ్ వర్క్ చూసే అరుణశ్రీ మేడమ్ నా డైరీని బల్ల మీద పెట్టి, తెరవకుండా దాని మీద చెయ్యి ఆనించి కూర్చుంది. విజయనగరం పిల్ల, ఇరవయ్యారేళ్ళు. నాకప్పటికి ముప్ఫై ఎనిమిది. మా ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా పదిహేనేళ్ళు పనిచేసినదాన్ని.

"మార్చి ముప్ఫై ఒకటిన లక్ష్మణమ్మ గారింటికి వెళ్ళారా నారాయణమ్మ గారూ?" అంది.

"వెళ్ళాను మేడమ్."

"ఏం మాట్లాడారు?"

"అందులో రాశాను కదండీ."

"రాశారు. నేను మొన్న మీ ఊరు వచ్చాను. లక్ష్మణమ్మ గారు ఉగాది మర్నాడే బరంపురంలో కూతురింటికి వెళ్ళిపోయారట. తలుపుకి తాళం ఉంది."

నాకు చెవులు వేడెక్కిపోయాయి. నిజం చెప్పాలంటే అది మోసమని నాకు అప్పటిదాకా తట్టలేదు. అంగన్‌వాడీలో మాకు పద్నాలుగు రిజిస్టర్లు. నెల మొదటి తారీఖునే సగం నింపేసుకుంటాం. ఏ పిల్ల ఎంత బరువుంటుందో ఎత్తుకోగానే చెప్పగలను, కాటా ఎందుకు? లక్ష్మణమ్మ ఏం మాట్లాడుతుందో కూడా నాకు అలాగే తెలుసు. వితంతువు, కొడుకు పట్టించుకోడు, పింఛను రాలేదు. ఆమె మాట్లాడేదేదో నేనే మాట్లాడేసి రాసేశాను.

"పదిహేనేళ్ళుగా ఎరుగుదును మేడమ్ ఆవిణ్ణి. ఏమంటుందో నాకు తెలుసు."

"తెలుసు కాబట్టే వెళ్ళలేదు కదా." మేడమ్ డైరీ తెరిచి ఒక వాక్యం చదివింది. "'నా సామాజిక పరిస్థితుల దృష్ట్యా నేను పింఛను పొందలేకపోతున్నాను.' ఈ మాట లక్ష్మణమ్మ గారు అన్నారా?"

పక్కన కూర్చున్న పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళ వయసుకి నాకు పెళ్ళయి, పదో తరగతి లెక్కల్లో ఒకసారి తప్పి, పురుడు పోసుకుని కూర్చున్నాను. ఇంటర్ ఓపెన్‌లో కట్టి, బి.ఏ దూరవిద్యలో పొయ్యి ముందు కూర్చుని చదివి, ఇక్కడిదాకా వచ్చిందాన్ని. ఆ నవ్వుకి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మేడమ్ మాత్రం నవ్వలేదు. పైకి రిపోర్టు చెయ్యనంది. జూన్ పదిహేనులోపు ఒక్కటంటే ఒక్క ఇంటర్వ్యూ, మాటకి మాట ఉన్నదున్నట్టు రాసి తెమ్మంది. తేలేకపోతే ఫీల్డ్ వర్క్‌కి సంతకం పెట్టనంది. సంతకం లేకపోతే మళ్ళీ ఏడాది. ఆసుపత్రుల్లో కిడ్నీ రోగుల కోసం కౌన్సెలర్లని తీసుకుంటారని అప్పుడు గట్టిగా చెప్పుకుంటున్నారు. ఎం.ఎస్.డబ్ల్యూ ఉండాలి, వయసు నలభై దాటకూడదు. ఏడాది పోతే నాకు ఆ ఉద్యోగం పోయినట్టే.

"ఎలా రాయాలి మేడమ్?" అన్నాను.

"వాళ్ళ మాట వాళ్ళు అన్నట్టే రాయండి. మీ మాట మీరు అన్నట్టే. గంటలోపు రాసెయ్యాలి, లేకపోతే మన బుర్ర దాన్ని దిద్దేస్తుంది. వాళ్ళు మాట్లాడకుండా ఉంటే, మాట్లాడలేదని రాయండి. ఎంతసేపో కూడా."

మాట్లాడకపోతే దాన్ని కూడా రాయడమేంటో, దానికి మార్కులేంటో అనుకుంటూ బస్సెక్కాను.

లక్ష్మణమ్మ మే నెలాఖరుకి గాని రాదన్నారు. అందాకా ఇంట్లోవాళ్ళ మీద అలవాటు చేసుకుందామనుకున్నాను. మా ఇంట్లో ముగ్గురమే. మా అమ్మాయి అనూరాధ టెక్కలిలో హాస్టల్లో ఉండి ఏదో ఎంట్రన్సుకి చదువుతోంది. ముందు మా అత్త తాతమ్మ దగ్గర కూర్చుని పుస్తకం తీశాను. మా మామగారిని సముద్రం తీసుకుని ఇరవై ఏళ్ళయింది. అప్పటినుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగిన మనిషి ఆవిడ, మాటకి లొంగే రకం కాదు.

"ఏటది?" అంది.

"నువ్వేదైనా మాటాడు అత్తా, రాసుకుంటాను. సదువు కోసం."

"నన్ను రాసీకు. ఆ కాయితం ఎవుడి సేతిలో పడతాదో ఏటో. ఎల్లి నీ మొగుణ్ణి రాసుకో. ఆడైతే కదలడు."

అందులో అబద్ధం లేదు. వేట నిషేధం రెండు నెలలూ మా ఊళ్ళో మగవాళ్ళు ఇళ్ళలో నిలవరు. పేకాటలు, పెళ్ళిళ్ళు, ఊరికే రైలెక్కి పలాస వెళ్ళి రావడాలు. మా ఆయన నూకయ్య మాత్రం ఇంటి ముందు తాటాకుల పందిరి కింద కూర్చుని వల బాగుచేస్తూనే ఉన్నాడు. తన వాటా వల అయిపోయింది, మా ఆడపడుచు మొగుడు కూర్మయ్యన్నయ్య బోటు వలలు అయిపోయాయి, ఊళ్ళోవాళ్ళ వలలు అడిగి మరీ తెచ్చుకుంటున్నాడు. కష్టపడే మొగుడని నేను సంబరపడ్డాను. చూడండి నా తెలివి.

ఆయన పక్కన పీట వేసుకు కూర్చున్నాను.

"మావా, ఏదైనా మాటాడు."

"ఏటి మాటాడ్ను?"

"ఏదైనా. నువ్వన్నదన్నట్టు రాస్తాను."

"ఎండగున్నాది."

"అది నాకూ తెలస్తన్నాది. ఇంకేటి?"

"ఇంకేటి నేదు."

"పోనీ, ఏట మల్లీ మొదలైతే ఏటి సేద్దారనుకుంటన్నావు? కూర్మయ్యన్నయ్య ఈపాలి కొత్త ఇంజిను ఎడతాడంట కదా. మంచిదే. పాతది మధ్యలో ఆగిపోయీది. కొత్తదైతే ఇంకా దూరమెల్లొచ్చు. అవునా?"

"ఆ దారం ఇలగియ్యి."

లోపలికి వెళ్ళి రాసుకున్నాను. పేజీన్నర వచ్చింది. ఆయన మాటలు ఎర్రసిరాతో, నావి నీలంతో రాశాను. పేజీన్నరలో ఎర్రసిరా నాలుగంటే నాలుగు ముక్కలు. మిగతాదంతా నేనే. నా పెన్ను ఇంకు నా వాగుడికే అయిపోతుందేమోనని నవ్వుకున్నాను. వారం రోజులు అదే వరస. ఆయన నోట్లోంచి ఎండగున్నాది, దారమియ్యి, నాకేటి తెలుసు, అంతే.

ఏప్రిల్ ఆఖర్లో కూర్మయ్యన్నయ్య వచ్చాడు. బోటు ఆయనదే. మా ఆయన అందులో పదేళ్ళుగా కళాసీగా వేటకెళ్తున్నాడు. నిషేధం అయ్యాక ఏ బోటు ఎవరు ఎక్కుతారన్నది మా ఊళ్ళో ముందే మాట్లాడుకుంటారు. మాటంటే మాటే, తరువాత తిరుగు లేదు. అన్నయ్య మంచం మీద కూర్చుని మజ్జిగ తాగి అడిగాడు.

"ఏట్రా నూకా, ఈయేడు మనోళ్ళే కదా? ఇంకెవుడికైనా మాటిచ్చినావేటి?"

"ఎవుడికిస్తారన్నయ్యా, మీ బోటు కాదని," అన్నాను నేను.

"నోరిప్పడేటీడు?"

"ఆయన నోరు ఎప్పుడు ఇప్పేడు గనక. వస్తారులెండి. రాక ఎక్కడికెల్తారు?"

మా ఆయన వల కళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. అన్నయ్య ఆయన కాళ్ళకేసి చూసి ముసిముసిగా నవ్వాడు. "ఈపాలైనా సెప్పులు ఇంటికాడ ఒగ్గీసి రమ్మను."

దానికి నేను పకపకా నవ్వాను. ఆ చెప్పుల కథ మా ఊళ్ళో నాకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ముందటి కార్తీకమాసంలో ఒడ్డుకొచ్చేటప్పుడు కెరటాలు విరిగే చోట అన్నయ్య బోటు తిరగబడింది. ఐదుగురిలో నలుగురు ఈదుకుంటూ వచ్చేశారు, మా ఆయన బోటు కింద ఇరుక్కుపోయాడు. అందరూ కలిసి బోటు ఎత్తి, లాక్కొచ్చి ఒడ్డున పడుకోబెట్టారు. ఒంటికి చుట్టుకున్న వల అలాగే ఉంది. కళ్ళు తెరిచి మొట్టమొదట అన్న మాట, "నా సెప్పులేవి?" అని. బోటులోకి చెప్పులేసుకుని ఎవడైనా వెళ్తాడా? చెప్పులు ఇంట్లో గుమ్మం దగ్గరే ఉన్నాయి. చావు తప్పి వచ్చి చెప్పులు వెతుక్కున్నాడని ఊరు ఊరంతా నవ్వింది. సెప్పుల నూకయ్యని పేరుపెట్టింది. ఆయన పడుకున్నట్టు నేను తల వాల్చి, గొంతు మార్చి, సెప్పులూ అని సాగదీసి చెప్తే అంగన్‌వాడీ ఆయా నవ్వి నవ్వి గోడ పట్టుకునేది. ఆ రోజూ అన్నయ్యకి మళ్ళీ చేసి చూపించాను.

అన్నయ్య వెళ్ళాక గంటలోపే రాసుకున్నాను. బాగా వచ్చింది, ఇద్దరు మగాళ్ళ మాటలు దొరికాయని ఉషారుగా ఉన్నాను. రాసి, తిరిగి చదువుకుంటే ఎక్కడో కాస్త ఇబ్బందిగా ఉంది. అన్నయ్య నూకయ్యని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ జవాబు నేనే చెప్పాను. చివర్లో ఇలా ఉంది: 'నేను, అన్నయ్య నవ్వాము. ఆయన లేచి, నీళ్ళు తాగడానికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.'

నీళ్ళ కుండ పందిరిలోనే ఉంది. అది రాసేటప్పుడు నాకు తోచలేదు.

మే రెండో వారంలో అరుణశ్రీ మేడమ్ మళ్ళీ మా ఊరు వచ్చింది. నౌపడలో దిగి, ఉప్పు మడుల గట్టున గొడుగేసుకుని నడిచి వచ్చింది పాపం, ముఖం కందిపోయింది. అంగన్‌వాడీకి వేసవి సెలవులు. గదిలో చాప వేసి, తాటిముంజలు పెట్టాను. నా ప్రాక్టీసు పేజీలు అన్నీ ముందు పరిచాను. చెప్పుల కథ నోటితో కూడా చెప్పాను, గొంతు మార్చి, మామూలుగా చెప్పేటట్టే.

మేడమ్ నవ్వలేదు. నా కథకి నవ్వని మనిషిని అప్పుడే చూశాను.

"బోటు కింద ఎంతసేపున్నారు ఆయన?"

"రెండు నిమిషాలో, మూడో. అంతకంటే ఉండదు."

"ఆయన చెప్పారా?"

"కూర్మయ్యన్నయ్య చెప్పాడు."

"మీ ఆయన ఏం చెప్పారు?"

ఆర్నెల్లలో ఆ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అన్నయ్య చెప్పింది, మిగతా కళాసీలు చెప్పింది, ఊళ్ళోవాళ్ళు కలిపింది, నేను కలిపింది. ఆయన్ని మాత్రం ఒక్కసారి అడగలేదు. ఆయన కూడా ఒక్కసారి చెప్పలేదు.

మేడమ్ పేజీలు దొంతి పెట్టి నా చేతికిచ్చింది. "ఇంట్లోవాళ్ళ మీద కేసు రాయకూడదు నారాయణమ్మ గారూ. ఇవి డైరీలో పెట్టొద్దు. ఇకమీద నాకు చూపించొద్దు కూడా. దీనికి మార్కులుండవు. కానీ అడగండి ఆయన్ని."

"అడిగితే చెప్పే మనిషి కాదు మేడమ్."

"అడిగి ఊరుకోండి. మీరు అడుగుతారు, ఊరుకోరు. అదే మీ ఇబ్బంది."

కోపం వచ్చింది. పెళ్ళి కాని పిల్ల, నా మొగుడితో ఎలా మాట్లాడాలో నాకు చెప్తోంది. బస్సు ఎక్కించి వస్తూ దారంతా ఆవిడకి మనసులో జవాబులు చెప్పుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు. మూడు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు.

నాలుగో రోజు పొద్దున్న తొమ్మిదయి ఉంటుంది. మా అత్త పొయ్యి దగ్గర ఉంది. ఆయన పందిరి కింద ఎవరిదో వల ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. పుస్తకం తీసుకెళ్ళలేదు.

"మావా, ఆరోజు బోటు కింద ఏటైంది?"

ఆయన చెయ్యి ఆగలేదు. దారం అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో నాకు ఆరోజే తెలిసింది. పోనీలే అనబోయాను, మింగేశాను. ఈ వల ఎవరిదని అడగబోయాను, అదీ మింగేశాను. ఒక మేక వచ్చి ఎండబెట్టిన వడియాల మీద మూతి పెట్టింది. దాన్ని అదిలించడానికి కూడా నోరు తెరవలేదు. సగం వడియాలు తినేసి పోయింది. వల మూడు కళ్ళు పూర్తయ్యాయి. ఈ మనిషి ఇక చెప్పడని లేవబోతుండగా దారం పట్టుకున్న చెయ్యి మోకాలి మీదికి దిగింది.

"సీకటికి కాదే," అన్నాడు. "సీకటి మనకి అలవాటే. పైన ఏదో కింద ఏదో తెల్నేదు. పైకనుకుని ఎటో కొట్టుకుంటన్నాను, అంతా నీలే. అలగ కొట్టుకుంటంటే కొంతసేపటికి కాళ్ళు ఎల్లిపోనాయి."

ఎల్లిపోవడమేంటని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగపట్టాను.

"మోకాళ్ళ కింద ఏటీ నేనట్టే. ఒడ్డున పడుకోబెట్టినారు గదా, అప్పుడూ తెల్నేదు, ఉన్నాయో నేవో. కిందకి సూద్దారంటే బయం. నా కాళ్ళున్నాయేటో సూడండ్రా అని అడగాల. మగోణ్ణి, అలగెలా అడుగుతాను? సెప్పులేవంటే ఎవుడో ఒకడు కాళ్ళకేసి సూస్తాడు గదా అనుకున్నాను."

దారం వేలికి చుట్టుకుంటూ, "అందరూ నవ్వినారు," అన్నాడు. "నవ్వితే, పోనీ, ఉన్నాయి కామోసు అనుకున్నాను."

అందులో నామీద నిష్ఠూరం ఏమీ లేదు. ఉండుంటే బాగుండేది. ఆయన చెప్పులు చెప్పులు అని అడగడం నేను ఎంతమంది ముందు ఆడి చూపించానో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తరవాత తొమ్మిది మాట్లు ఎల్లేను," అన్నాడు. "ప్రెతీమాటూ కెరటం కాడికొచ్చీసరికి మల్లీ కాళ్ళు నేనట్టుంటాది. ఇంక నావల్ల కాదు. నాను బోటెక్కను."

పదిహేనో ఏట నుంచి సముద్రం తప్ప ఇంకో పని ఎరగని మనిషి. వాళ్ళ నాన్న, తాత, వాళ్ళ ముందువాళ్ళు అందరూ అదే. మా ఊళ్ళో జ్వరానికి మానేస్తారు, కాలు విరిగితే మానేస్తారు. భయానికి మానేసినవాణ్ణి నేను చూడలేదు.

"నువ్వు బావకి సెప్పీ," అన్నాడు మా ఆయన మళ్ళీ వల అందుకుంటూ. "నడుం నొప్పనో, డాక్టరొద్దన్నాడనో. నువ్వైతే బాగా సెప్తావు."

చెప్తాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. ఆయన నేను ఒప్పుకున్నాననే అనుకున్నాడు. ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని మరి.

మే నెలాఖర్లో లక్ష్మణమ్మ బరంపురం నుంచి వచ్చింది. వెళ్ళి ఆవిడ గుమ్మంలో కూర్చున్నాను. ఎలా ఉన్నావని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది.

"ఏటే, జొరమొచ్చిందేటి? వచ్చీదానివి, గడగడా సెప్పీదానివి, పోయీదానివి. ఈయాల కూకున్నావేటి?"

నేను నవ్వాను తప్ప ఏమీ అనలేదు. గంట దాటాక అసలు సంగతి బయటికొచ్చింది. ఆవిడకి పింఛను అక్కర్లేదు. పింఛను వస్తే ఇక్కడే ఉండాలి, కూతురింటికి పోయి ఉండడానికి కుదరదు. ఆవిడకి కూతురి దగ్గరే ఉండిపోవాలని ఉంది. నేను ఆవిడ తరఫున ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చిన దరఖాస్తులు మూడూ ట్రంకుపెట్టె అడుగున మడతపెట్టి ఉన్నాయి. "నువ్వు అంత కట్టపడి తెస్తంటే వొద్దని ఎలగ సెప్తాను?" అంది. అది అలాగే రాశాను, ఆవిడ మాటల్లోనే. మేడమ్ చదివి సంతకం పెట్టింది. యాభై ఎనిమిది మార్కులు. అక్షరదోషాలు చాలా ఉన్నాయని కూడా రాసింది.

సంతకం అయిపోయింది గాని నాకు సంబరం లేదు. నిషేధం ఆఖరి రోజు, జూన్ పద్నాలుగు, దగ్గరపడుతోంది. ఊరు కళకళలాడుతోంది. బోట్లకి రంగులేస్తున్నారు. ఐసు లారీలు వస్తున్నాయి. మా ఆయన అన్నం కలిపి వదిలేస్తున్నాడు. రోజూ పొద్దున్న "బావకి సెప్పినావేటి?" అని అడుగుతాడు. నేను ఇంకా లేదంటాను. చెప్పడం నాకెంత పని? నడుం నొప్పికి ఎక్స్‌రే కథ కూడా అల్లి పెట్టుకున్నాను. టెక్కలి డాక్టరు పేరు, ఆయన అన్న మాటలు, అన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కానీ నేను చెప్తే అది మళ్ళీ నా మాటే అవుతుంది. పెళ్ళాం ఆపేసిందంటారు. చదువుకున్న పెళ్ళాం మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టిందంటారు. అది నేను పడతాను. ఆయన మాత్రం బతికినన్నాళ్ళూ లేని నడుం నొప్పిని మోసుకుని తిరగాలి. నవ్వుల్లోకి ఒకసారి ఆయన్ని నేను తోశాను. రెండోసారి అబద్ధంలోకి తోయడానికి మనసొప్పలేదు.

పద్నాలుగు పొద్దున్నే కూర్మయ్యన్నయ్య వచ్చాడు. వెంట ఇద్దరు కళాసీలు. బోటుకి పసుపు రాసి వస్తున్నారు, చేతులింకా పచ్చగా ఉన్నాయి. మా అత్త గుమ్మంలో చేపల గంప విప్పుకుంటోంది. మా ఆయన పందిరి కింద నిలబడ్డాడు.

"నూకా, రేపు తెల్లారగట్ల దించుతన్నాం. మూడింటికి ఒడ్డుకొచ్చీ."

మా ఆయన నాకేసి చూశాడు. అన్నయ్య ఆయన్ని చూసి, నాకేసి తిరిగాడు. కళాసీలిద్దరూ నాకేసే చూశారు. జవాబు వచ్చేది ఎటునుంచో వాళ్ళకి అలవాటు. నోట్లో ఎక్స్‌రే కథ మొత్తం వచ్చి కూర్చుంది.

నేను నోరు తెరవలేదు.

"ఏటి సెల్లీ, మాటాడవేటి?"

"మీరు అడిగింది ఆయన్ని కదా అన్నయ్యా," అన్నాను.

మా ఆయన నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. నన్ను ఒంటరిగా వదిలేశావా అన్నట్టు ఉంది. ఇంత పాపం చేశానా అనిపించింది.

"నాను రాను బావా," అన్నాడు.

"ఏటి?"

"సంద్రంలోకి రాను. ఇంక రాను."

"ఒంట్లో బాగునేదేటి?"

ఒప్పుకుంటే అయిపోయేది. అన్నయ్యే దారి చూపించాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒళ్ళు బాగానే ఉన్నాది. నాకు బయం బావా. బోటు కిందున్నప్పటి నుంచి బయం. కాళ్ళు ఆడవు నాకు. నన్నెక్కించుకుంటే మీకూ పెమాదమే."

ఎవరూ నవ్వలేదు. కళాసీల్లో ఒకడు నేలకేసి చూస్తున్నాడు. కూర్మయ్యన్నయ్య పసుపు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "అయితే ఇంకొకణ్ణి సూసుకోవాల," అని వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు మా గుమ్మం తొక్కలేదు. దసరా వెళ్ళాక చిరిగిన వలొకటి పంపించాడు, బాగుచేసి పెట్టమని. ఆ ఏడు నా జీతం మీద, ఆయన వలల పని మీద ఇల్లు గడిచింది. బాగా గడిచిందని చెప్పను.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన పందిరి స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను అన్నం పెట్టి ఇస్తే ముద్ద వదలకుండా తిన్నాడు. అక్కడే పక్కకి ఒరిగి, పట్టపగలు, గురక పెట్టి నిద్రపోయాడు. ఆర్నెల్లలో ఆ మనిషి అలా నిద్రపోవడం చూడలేదు.

ఇప్పుడు అత్త ఏమంటుందోనని నాకు గుబులు. ఆ ఇంట్లో పుట్టినవాడు సముద్రానికి భయమని నలుగురి ముందు అన్నాడు. దానికి కారణం నేనే. నేను ఊరుకోబట్టే అన్నాడు. ఆవిడ అప్పటిదాకా గుమ్మంలో ఎండుచేపలు ఏరుతూనే ఉంది. వెళ్ళి పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. తిడితే పడదామని కూర్చున్నాను.

"పోయిన మీ మావకీ ఈ బయం ఉండీది," అంది చేపల మీదనుంచి కళ్ళెత్తకుండా.

నేను ఆవిడకేసి తిరిగాను.

"ప్రెతీ ఏడూ ఏటకి బోటు దించీముందు పది రోజులు అన్నం సయించీది కాదు. ఇటు పొర్లి అటు పొర్లి తెల్లవార్లూ మేలుకుండీవాడు. నాను సూసీదాన్నే. సంద్రంలో పోయిన ఆ ఏడు మరీ ఎక్కువైంది. పొద్దున్న ఎల్తా గుమ్మంకాడ ఆగినాడు. ఏటో అనబోయినాడు." ఆవిడ చేతిలోని చేపని గంపలో వేసింది. "పొద్దెక్కిపోతన్నాదని నానే తోలీసినాను. ఏటని అడగనేదు."

ఇరవై ఏళ్ళలో ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాకు కళ్ళు నిండిపోయాయి. నీ తప్పేముంది అత్తా అందామనుకున్నాను. అనలేదు. చేపలు పక్కకి జరిపి, ఆవిడ మోకాలికి నా మోకాలు తగిలేలా దగ్గరికి జరిగి కూర్చున్నాను. ఆవిడ చెప్పుకుంటూ పోయింది, నేను విన్నాను. మధ్యాహ్నం పొయ్యి వెలిగించడం ఇద్దరం మరిచిపోయాం.